ఆరు వేల కేకు

మెట్టుగూడ. చర్చిలో కోత పండుగకు విశ్వాసులు ఇచ్చిన కానుకల వేలం ముగిశాక యెషయా, గ్రేసీ దంపతులు ఇల్లు చేరారు. యెషయా చేతిలో కేకు ఉంది.

“ఆరు వేలా! ఒక్క కేకుకు ఆరు వేలా అండీ!”

“జెర మెల్లగ, గ్రేసీ. బిడ్డ వెనకాలే వస్తుంది.”

“రేపు దాని కాలేజీల నలభై వేలు కట్టాలె. చిట్టీ ఎత్తితే వచ్చింది ముప్పై. చర్చిల సాయం అడుగుదామంటే చెయ్యి చాపనంటిరి. మరి ఈ ఆరు వేలు ఎక్కడివి?”

“ఓవర్‌టైమ్‌వి. నాలుగు నెలల సంది స్లిప్పుల చుట్టి డ్యూటీ షూల దాచిన. ఇయ్యాల చర్చికి అవే షూ తొడుక్కొని వచ్చిన. రేపు ఫీజు కౌంటర్ కాడ తీసి నీకు చూపెడదామని.”

“చూపెట్టిన్రు కదా, కేకు!”

“నన్నేం చెయ్యమంటవ్? బిడ్డ చేసిచ్చిన కేకు. ‘షెకీనాకు కాలేజీ సీటు వచ్చినందుకు కృతజ్ఞతగా’ అని మైకుల చదివిన్రు. పాట వంద కాడనే ఆగింది. పిల్ల అక్కడ్నే నిలబడి నేల చూస్తున్నది. నా పానం ఊకుంటదా?”

“అయితే మీరే పాడాలె. మీ పక్కన కూసున్న జెరెమియా అన్న ఎందుకు పాడిండు?”

“నేను పాడితే ఆడోళ్ళ వైపు నుంచి నువ్వు కళ్ళెర్ర చెయ్యవా? అందుకే అన్నతోని పాడించిన. రెండొందలకు ఇడిపిద్దామనుకున్న. నీ పక్కన ఆ మేబెలక్క ఉంది చూడు... మేం ఐదొందలంటే ఆమె వెయ్యి. మేం రెండు వేలంటే ఆమె మూడు. షుగరున్న మనిషి, కేకెందుకు ఆమెకు?”

“కేకు ఫ్రిజ్‌ల పెట్టనా?”

“ఆగు.”

“క్రీమ్ కరుగుతది.”

“గ్రేసీ! మేబెలక్కతోని పాడించింది ఎవరు?”

“జెరెమియా అన్న వెనక ఉన్నది మీరని నాకేం తెలుసు! ఐదు వేల ఎనిమిదొందల కాడ ఆపేసిన. నా ట్యూషన్ పైసలు అన్నే ఉండె. నేను సుత రేపు కౌంటర్ కాడనే...”

“అంటే మన బిడ్డ కేకును మనమే...”

“ఆ, మనమే! నోరు మూసుకొని కూసుంటే ఫీజు నిండి పద్దెనిమిది వందలు మిగిలేవి.”

“నవ్వకు.”

“మీరే నవ్వుతున్నరు!”

“డాడీ, ఏందీ లొల్లి? గేటు దాకా వినబడుతుంది.”

“రా షెకీనా. ఏం లేదు తల్లీ. నాలుగు వేల రెండొందలు తక్కువ పడ్డయ్. పొద్దుగాల వరకు ఎట్లనో...”

“పడలే డాడీ. చర్చిల సాయానికి నేను అప్లికేషన్ పెట్టిన.”

“వద్దని చెప్పిన కదా!”

“మమ్మీ సంతకం చేసింది.”

“గ్రేసీ!”

“ఏం, నేను దానికి తల్లిని కానా?”

“ఈసారి వేలం పైసలన్నీ కాలేజీల చేరినోళ్ళకేనంట. నాకూ ఆశీష్‌కూ అక్కడ్నే పంచిన్రు. ఇగో, నాది.”

“తీస్కపోయి ఇచ్చెయ్. ఒకళ్ళ పైసలతోని నా బిడ్డ చదువుడేందీ?”

“ఒకళ్ళవి కావు డాడీ. కవర్ విప్పు. నోట్ల చుట్టు నీ ఓవర్‌టైమ్ స్లిప్పే ఉన్నది.”