సౌండ్ లేని కారు సినిమా

"తాతయ్యా, అమ్మ చెప్పే కార్ సినిమా ఇదేనా? ఆన్‌లైన్‌లో దొరికింది."

ఏదీ, ఇలా ఇయ్యి. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో... ఆఁ, నెత్తి మీదే ఉంది. ఇదేనమ్మా, ఇదే. ఆ ఎర్ర కారు, తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఆవిడ, పక్కన టోపీ ఆయన. ఆ సౌండ్ తీసెయ్యి తల్లీ. ఎవడు వాడు, వార్తలు చదివినట్టు చదువుతున్నాడు? హార్స్‌పవరట. తీసెయ్యి. మా దానికి సౌండ్ లేదు.

లేదంటే పాడై కాదు. మా చిన్న ప్రొజెక్టర్‌కి అసలు సౌండే ఉండదు. ఉండు, మొదట్నించీ చెప్పకపోతే నీకు అర్థం కాదు.

సెవెంటీస్ చివర్లో సంగతి. చికాగో పక్కన చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, నేనూ మీ అమ్మమ్మా, చంకలో మీ అమ్మా. ఈ నేపర్‌విల్‌లో ఇప్పుడు మనం కూర్చున్న చోట అప్పుడు మొక్కజొన్న చేలు, చెప్తే నమ్మవు. తెలుగు సినిమా చూడాలంటే ఇలా ఫోన్‌లో కాదుగా మరి. పెద్ద పెద్ద రేకు డబ్బాల్లో రీళ్ళు వచ్చేవి. ఈ ఊరివాళ్ళు చూసి ఆ ఊరివాళ్ళకి పంపాలి. శనివారం పూట ఓ స్కూల్ కెఫెటీరియా అద్దెకి తీసుకునేవాళ్ళం. టికెట్ రెండు డాలర్లు, పిల్లలకి ఊరికే. కార్లో పోసే గ్యాస్ అప్పుడు గ్యాలన్ డాలర్ లోపే... కాదు కాదు, తర్వాత పెరిగిందనుకో. ఏదైతేనేంలే. ప్రొజెక్టర్ తిప్పేది నేను. ఆఫీసులో మిషన్ల డ్రాయింగులు గీసుకునేవాణ్ణి కదా, నీకైతే తెలుస్తుందని నా నెత్తిన పెట్టారు.

ఉన్నది ఒక్క ప్రొజెక్టరే. ఓ రీలు అయిపోతే లైట్లు వేసి, అది తీసి, ఇంకోటి ఎక్కించాలి. పాత ఫిల్ము, ఎక్కడ పడితే అక్కడ తెగేది, అతికించుకోవాలి. ఈలోపు పిల్లలు. అబ్బ, ఆ పిల్లలు. టేబుళ్ళ కింద దూరేవాడొకడు, గిల్లేదొకత్తె, ఏడ్చేవాళ్ళు మిగతావాళ్ళు. ఆ స్కూల్ ఊడ్చి తాళాలు వేసుకునే జానిటర్ వచ్చి గుమ్మంలో నిలబడి ఊరికే చూసేవాడు. మళ్ళీ వారం హాల్ ఇస్తారో ఇవ్వరో అని నాకు చేతులు ఆడేవి కావు.

అలాంటప్పుడు ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే, ఆ గరాజ్ సేల్‌లో ఓ చిన్న ప్రొజెక్టర్ దొరికింది. దాంతోపాటు అదే డబ్బాలో ఈ రీలు. కార్ల కంపెనీవాళ్ళు కారు అమ్ముకోడానికి తీసుకున్న సినిమా. ఏ కంపెనీ అయితే ఏం, పేరెందుకులే. అప్పటికే బాగా పాతది. మీ అమ్మమ్మ అంది, మీరు ఆ పెద్దదాని సంగతి చూసుకోండి, పిల్లల సంగతి నాకొదిలెయ్యండి అని. లైట్లు సగం ఆర్పి, పక్క గోడ మీద ఈ కారు వేసేది. సౌండ్ లేదు కదా మరి, గోడ పక్కన నిలబడి కథ తనే చెప్పేది.

అదుగో, ఆ తెల్లకోట్ల వాళ్ళున్నారే, అట్టలు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నారు, వాళ్ళు ఇంజనీర్లు. మీ అమ్మమ్మ లెక్కలో కాదు. "పెళ్ళివారొచ్చారర్రా. పిల్లని నడిచి చూపించమంటున్నారు. ఇప్పుడు పరిగెత్తమంటున్నారు. అయ్యో, నీళ్ళలో కూడా దింపారు" అనేది. ఆడవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. మగాళ్ళు కాస్త ఆలస్యంగా నవ్వేవాళ్ళు.

తర్వాత ఈ ఇద్దరూ కారెక్కి బయల్దేరతారు కదా, వాళ్ళు అత్తారింటికి వెళ్తున్నారన్న మాట. ఈ కొండ మలుపులు వస్తే తిరుమల ఘాట్ రోడ్డు, కిందకి చూడకండి అనేది. కారు ఎటు తిరిగితే పిల్లలంతా అటు ఒరిగేవాళ్ళు. తిరుమల మొహం చూసినవాడు ఒక్కడు లేడు వాళ్ళలో. నావంక తిరిగి, "ఏమండీ, అయిందా?" అని అడిగేది. కాలేదంటే ఆ చిన్న ప్రొజెక్టర్‌ని రివర్స్‌లో పెట్టేది. కారు వెనక్కి వెనక్కి కొండ దిగిపోయేది. పర్సు మర్చిపోయారు, వెనక్కి వెళ్ళాలి అనేది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ జానిటర్ కూడా, మాట ఒక్కటి అర్థం కాకపోయినా, నవ్వేవాడు. ఆ తర్వాత హాల్ గురించి నాకు బెంగ లేదు.

నాకా, ఆ కారంటే ఆశ ఉండేది. దాచడమెందుకు. కానీ మేం కొన్నది స్టేషన్ వ్యాగన్. ఆ డబ్బాలు, ఆ ప్రొజెక్టరు, ఎయిర్‌పోర్ట్ నుంచి కొత్తగా దిగినవాళ్ళు, వాళ్ళ పెట్టెలు, అన్నీ పట్టాలిగా. ఓసారి, ఎయిటీస్‌లోనే, సరదాగా డీలర్ దగ్గరికి వెళ్ళాం. అప్పటికి ఆ కారు మారిపోయింది, ముక్కు సాగి, అదోలా. సేల్స్‌మన్ మమ్మల్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మీ అమ్మమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని లోపల కూర్చుంది. "రోడ్డు మీద చాపేసుకుని కూర్చున్నట్టుందండీ, పదండి" అంది. మళ్ళీ వ్యాగన్‌లో ఇంటికొచ్చాం. దారిలో ఒక్కటే అంది, మన కారు గోడ మీదదే బావుంది అని.

తర్వాత ఏముంది. వీడియో కేసెట్లు వచ్చాయి. మనవాళ్ళ కిరాణా కొట్లో బియ్యంతో పాటు సినిమా కూడా తెచ్చుకోవడమే. ఎవరింట్లో వాళ్ళు చూసుకున్నారు. చివరి షోకి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. పిల్లలు అసలు లేరు. రీలు మార్చేటప్పుడు మీ అమ్మమ్మ లేచి నిలబడి, అటూ ఇటూ చూసి, మళ్ళీ కూర్చుంది. ఆ కారు రీలు తర్వాత ఎండిపోయి ముక్కలు ముక్కలైంది. ఇల్లు మారేటప్పుడు పారేశాం. ఆవిడ కూడా నువ్వు పుట్టకముందే వెళ్ళిపోయింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే... నీళ్ళివ్వమ్మా కాసిని. చాలు.

ఫోటోలున్నాయి, పెట్టెల నిండా. ఆవిడ గొంతు లేదు. అప్పట్లో ఇండియాకి కేసెట్లో మాట్లాడి పంపేవాళ్ళం, ఉత్తరం బదులు. అక్కడివాళ్ళు విని, దాని మీదే పాటలు ఎక్కించుకునేవాళ్ళు. వాళ్ళని అనుకుని ఏం లాభం, కేసెట్ దొరకడమే కష్టం. నాకు మాత్రం ఒక ఉపాయం ఉండేది. కళ్ళు మూసుకుని ఈ కారుని నడిపిస్తే చాలు, గోడ పక్కనించి ఆవిడ గొంతు వచ్చేది. ఇన్నేళ్ళూ వచ్చింది. ఈమధ్య రావట్లేదమ్మా. కారు వెళ్తోంది, మాటలూ గుర్తొస్తున్నాయి, కానీ ఆ మాటలు నా గొంతుతో వినిపిస్తున్నాయి. అందుకే నువ్వు ఇది పెట్టగానే భయం వేసింది. ఇంక ఆ హార్స్‌పవర్ వాడి గొంతొక్కటే మిగులుతుందేమోనని.

దీన్ని వెనక్కి తిప్పడం కుదురుతుందా? వేలితో లాగితే వెళ్తుందా? లాగు. మెల్లిగా. ఆఁ, అదుగో, కొండ దిగుతోంది.

"ఆవకాయ జాడీ మర్చిపోయారర్రా, వెనక్కి పదండీ."

ఏమన్నావు?

జాడీ అని నేను చెప్పలేదే. పర్సు అన్నాను. ఎవరు చెప్పారు నీకు, మీ అమ్మా? ఇంటి ముందు డ్రైవ్‌వేలో కారు రివర్స్ చేసినప్పుడల్లా అంటుందా? రోజూనా? నాకెప్పుడూ చెప్పలేదే అది.

అవును. పర్సు కాదు. ఎక్కడ పడితే అక్కడ పర్సు మర్చిపోయేది నేను. ఆవిడది ఆవకాయ జాడీ. ఆ "పదండీ" దగ్గర కొంచెం సాగదీసేది, నువ్వు తీశావే, అచ్చం అలాగే. ఆ "ర" నీకు సరిగ్గా తిరగలేదు గానీ, పర్వాలేదు, మిగతాదంతా ఆవిడే.

చల్లగా ఉండు తల్లీ. మీ అమ్మనీ చల్లగా ఉండమను. ఇంకొంచెం వెనక్కి లాగు, ఆ మలుపు దాకా. మళ్ళీ అను.