ఇంగ్లండు సముద్రం ఒడ్డున పెద్ద మేడమ్

జెద్దాలో, షరఫియా టీ హోటల్లో ఖలందర్ తన అక్క ఖాలిదా ఎదుట కూర్చున్నాడు. తనను పనిలో పెట్టుకున్న కఫీల్ తల్లిని, అంటే పెద్ద మేడమ్‌ను, చూసుకునే ఖాలిదా, ఆ ఇంటివాళ్ళతో ఇంగ్లండు వెళ్ళి నిన్ననే తిరిగొచ్చింది.

"పెద్ద మేడమ్ కనపళ్ళేదని చెప్పి ఫోన్ పెట్టేస్తివి. మళ్ళీ ఎత్తలేదేం అక్కా?"

"ఎత్తితే ఏడుపొస్తాదని ఎత్తలేదురా."

"పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టి నిన్ను ఇంటికి పంపిస్తారనుకున్యా."

"నేనూ అదే అనుకున్యా. ఆడ సముద్రం ఒడ్డున ఇసకలో పిల్లోల్లను గాడిదలెక్కించి తిప్పుతారు. మేడమ్ వాటిని చూస్తా కూచునింది. నేను ఐస్‌క్రీమ్ కొనుక్కొని తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. ఆమెకు హోటల్ పేరు కూడా తెలీదు."

"కఫీల్ తిట్టినాడా?"

"తిట్టే తీరిక యాడిది? చెప్పులు చేత పట్టుకొని నాతోపాటే పరిగెత్తినాడు."

"యాడ దొరికింది?"

"ఒక ఇంగ్లీషు ముసలామె పక్కన. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకొని చేపల వేపుడు తింటాండారు. ఈమెది అరబ్బీ, ఆమెది ఇంగ్లీషు. అయినా నవ్వుకుంటాండారు."

"నిన్ను గుర్తుపట్టిందా?"

"నా పేరు మర్చిపోయి శానా నాళ్ళాయ. కానీ నా చెయ్యి పట్టుకొని, 'బింతీ' అని ఆ ముసలామెకు చూపించింది. నా కూతురు అని."

ఖాలిదా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కఫీల్‌ను చూసి, 'ఈయనెవరు?' అనింది."

"కన్నకొడుకునే? ఆయనేమన్నాడు?"

"'నీ కూతురికి అన్నను' అన్నాడురా."

అప్పుడుగానీ ఖలందర్ చల్లారిపోయిన టీ కప్పును నోటి దగ్గర పెట్టుకోలేదు.