ఉదయం ఎత్తదు, మధ్యాహ్నం ఎత్తుతుంది

అధ్యక్షస్థానంలో ఉన్న ఆలూరు రైతు సంఘం పెద్ద స్వామిదాసు గారికి, ఎండను లెక్కచేయక బడి ముందర కూర్చున్న తల్లులకు, పెద్దలకు, తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నాలాగే ఊరు చేరిన మిత్రులకు, ఈ సాయంత్రం మొయినాబాదులో బస్సెక్కి గుంటూరుకు వెళ్ళిపోతున్న మన ట్రాక్టరు మెకానిక్కు దయానందం గారికి నమస్కారాలు.

చర్చాసభల్లో నేను మొదటి వాక్యం పలికేసరికే చివరి వాక్యం సిద్ధంగా ఉంటుంది. ఈరోజు లేదు. స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలని పట్నం వీధుల్లో గొంతు బొంగురుపోయేదాకా అడిగినవాళ్ళలో నేనొకడిని. మా ఉద్యోగాలు మాకు కావాలన్న ఆ మాటలో ఒక్క అక్షరాన్నీ ఉపసంహరించుకోను. ఆ కోరికే ఉత్తర్వై వచ్చింది. ఏళ్ళ తరబడి మన దుక్కులు ఆగకుండా చూసిన మనిషి పెట్టె సర్దుకున్నాడు. గెలిచిన పక్షం ఇలాంటి వేళ ఏం మాట్లాడాలో నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. స్వామిదాసు బాపూ, నవ్వకండి. "వీడు మాటకోసం తడుముకునే రోజు ఒక్కటి చూడాలె" అని మీరే కదా అనేవారు. (నవ్వులు)

అయితే ఒక విషయంలో మాత్రం నాకు తడబాటు లేదు. ఉత్తర్వు వచ్చిన వారంలోనే, నాగలిని పైకెత్తే మన సంఘం ట్రాక్టరు లిఫ్టు నీరసించింది. గట్టుదగ్గర మలుపు తిరగాలంటే నాగలి తనంతట తాను లేవదు. ఇద్దరు మనుషులు గడకర్ర వేసి లేపాలి. వెంటనే మైసయ్య గారి అరుగుమీద తీర్పు వెలువడింది: "పోయేటోడు పోతూ పోతూ ఏదో చేసి పోతుండు." అది దయానందం గారి చెవినీ పడింది. "లిఫ్టు బాగుచెయ్యకుండా వెళ్తే, బాబూ, నా వెనక ఆ మాటే మిగులుతుంది" అన్నారు నాతో.

ఆయన పంపు విప్పినప్పుడు, పిస్టనుకుండే రబ్బరు ఉంగరం మార్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లోపం దొరకలేదు. అరిగిపోయిన లిఫ్టు చల్లగా ఉన్నప్పుడు బాగా ఎత్తి, నూనె వేడెక్కి పలచబడ్డాక నీరసించాలట. మనది తలకిందులు: పొద్దున చలిలో కదలదు, మధ్యాహ్నానికి ఏ జబ్బూ లేనట్టు నాగలిని ఎత్తుతుంది. ఆయన తల పట్టుకున్నారు. తర్కశాస్త్రం చదివిన నేను ఆయన పక్కన కూర్చుని అదే పని చేశాను. (నవ్వులు) మార్చనిది నూనె ఒక్కటే. బందులవల్ల పట్నంనుంచి కొత్తది రాలేదు; ఉన్నదాన్ని పారబోస్తే దుక్కి మొత్తం ఆగిపోతుంది.

కనుక నిండు సభలో అడుగుతున్నాను. కుట్ర అన్నవారు రుజువుతో లేవండి. అనుమానం వాదం కాదు, గోడ చాటునుంచి విసిరిన రాయి. మైసయ్య గారూ, అరుగుమీది మాట ఇక్కడ చెప్పండి. ఎవరూ లేవరా?

(వెనకనుంచి సారమ్మ లేచి: "కుట్ర గిట్ర నాకు తెల్వది బిడ్డా. ఆముదమైతే నేనే ఇచ్చిన.")

ఏ ఆముదం, అవ్వా?

("బందుల నూనె దొరుకుతలేదని డ్రైవరు సత్తయ్య అడిగిండు. ఇంట్ల కాచిన ఆముదం, కుండెడు పోసినం. ఎడ్లబండి ఇరుసుకు పోస్తలేమా? అది తాగంగ లేంది, దీనికేం రోగం?")

(పెద్దగా నవ్వులు. దయానందం గారు కుర్చీలోంచి: "ఆముదమా? చలికి చిక్కబడి పంపు పీల్చుకోలేదు. వేడెక్కితే పలచబడి ఎత్తేస్తుంది. ఎంత పని చేశావమ్మా.")

సత్తయ్యన్నా, తల ఎత్తు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?

("నౌకరి పోతదని భయపడ్డ తమ్మీ.")

నవ్వు ఆపండి, మిత్రులారా. నౌకరీ పోతుందని ఈయన నోరు మూసుకున్నాడు. ఆ నింద ఇక్కడి నౌకరీ పోగొట్టుకున్న మనిషిమీద పడింది. సత్తయ్యను కడిగెయ్యాలని నోరు తెరిచాను. కానీ ఆ భయంతోనే కదా నేనూ వీధికెక్కింది?

దయానందం గారూ, ఎక్కడికి? సభికులారా, ఆయన మెడలోని దండ తీసి కుర్చీకి తగిలించారు. ఈ పొద్దుటి బస్సుమీద కొత్త నూనె డబ్బా వచ్చింది. అది ఎక్కడుందని సత్తయ్యను అడుగుతున్నారు. అయ్యా, మీ పేరుమీది మచ్చ పోయింది, మీ ఉద్యోగం ఇక్కడ నిన్నటితో ముగిసింది, ఇక ఈ లిఫ్టుతో మీకేం పని?

ఆయన వినడం లేదు.

పెద్దలారా, మా కోరిక న్యాయమని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఈ మనిషి వెళ్ళడం న్యాయమని మాత్రం నోరు పలకడం లేదు. రెండు మాటలూ నాలోనే ఎదురెదురుగా నిలబడ్డాయి, ఒకటి మరొకదాన్ని ఓడించడం లేదు. ఓర్పుతో విన్న అధ్యక్షులకు, అడగగానే నిజం చెప్పిన సారమ్మ అవ్వకు కృతజ్ఞతలు. సన్మానం పొందవలసినవారే ట్రాక్టరు కిందికి దూరాక ఇక్కడ ఉపన్యాసం దేనికి? పాత నూనె దింపుతుంటే బకెట్టు పట్టడానికి ఒక మనిషి కావాలని కేకేస్తున్నారు.

వస్తున్నాను, దయానందం గారూ. సభకు సెలవు.