అన్నమ్మ పిన్ని పది వేళ్ళు

ఎంతసేపని తలుపు కొట్టను పిన్నీ? నిన్నా ఇంతే, ఇవాళా ఇంతే. గిన్నెలో అన్నం గడప దగ్గరే ఎండిపోయింది. నా మీద కోపానికి నీ కడుపు మాడ్చుకుంటావా?

సరే, నోరు విప్పకు. విను చాలు.

అసలు నిన్నెవరు రమ్మన్నారు నా బొమ్మల ఎగ్జిబిషన్‌కి? పౌలురాజు పాస్టరుగారికైనా ఉండక్కర్లా? కుష్ఠు కాలనీ మొత్తానికి క్రిస్మస్ చీరలు కట్టించి, వ్యానెక్కించి తెచ్చేస్తారా! నేను ఒక్కరినీ పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఇప్పుడు తెలిసిందిగా?

పదకొండు ఆదివారాలు, ప్రార్థన అయ్యాక, బొమ్మ కోసం నా ముందు కూర్చున్నావు. మొహానికి ఆకుపచ్చ పూస్తే, "కాకరకాయని చేశావేంటే ఆరాధనా!" అని నవ్వావు. ఒక కన్ను పెద్దదీ ఒకటి చిన్నదీ వేసినా ఏమీ అనలేదు. ఒక్కటే అడిగావు. "వేళ్ళు మాత్రం పది వెయ్యవే. నేను పోయాక నా పెట్టె పక్కన పెట్టడానికి వేరే ఫోటో లేదు. ప్రభువు దగ్గరికి నిండు చేతుల్తో పోవాలి."

వేశాను కదా! మా అమ్మ చేతులు చూసి మరీ వేశాను. రంగు ఆరాక, స్పర్శ లేని ఆ మొండి చేత్తోనే ఒక్కో వేలూ తడిమి లెక్కపెట్టుకున్నావు.

మొన్న అక్కడ గోడ మీద నీ బొమ్మ చూస్తే ఒక్క వేలూ లేదు. అందరి ముందూ చేతులు కొంగులో దాచుకుని బయటికెళ్ళిపోయావు.

గ్యాలరీవాళ్ళే మార్చేశారని పాస్టరుగారితో చెప్పాను. అబద్ధం పిన్నీ.

అక్కడి మేడమ్ ఒక్క మాట అంది, "చేతులు మరీ అందంగా ఉన్నాయి, ఎవరూ ఆగి చూడరు" అని. అంతే. ఇంటికి తెచ్చి, రంగులు గీకే కత్తి పట్టుకుని, నేనే గీకేశాను. బొటనవేలు దగ్గర నువ్వు లెక్కపెట్టుకోవడం గుర్తొచ్చింది కూడా. అయినా ఆగలేదు. నిజం వేస్తున్నా అనుకున్నాను. నిజమా, నా బొందా! నాకు పేరు కావాలి.

వచ్చిందిలే పేరు. గుర్‌గావ్‌లో ఎవరో ఆఫీసుకి కొనుక్కున్నారు. ఏడ్చి అడిగినా వెనక్కి ఇవ్వం అన్నారు.

ఇదిగో, కొత్త కాన్వాసు తెచ్చాను. నువ్వు కూర్చోనక్కర్లేదు, నీ మొహం నాకు కంఠతా వచ్చు. తలుపు తియ్యి. పోనీ తియ్యకు, లోపల్నించే ఒక్క తిట్టు తిట్టు.

ఊఁ... తిట్టవు. ఎందుకు తిడతావు?

మొదటిసారి నీ వేళ్ళు రోగం తినేసింది. దానికి నువ్వెవరో తెలీదు పిన్నీ. నాకు తెలుసు.