టెడ్డీ కుడిచెయ్యి

చెయ్యి చెవికి తగలాలని మళ్ళా అదే మాట అంటే ఎట్ల అయ్యోరూ? ఇది మూడో ఏడు. మూడు జూన్లుగా మా కాంచనను మీ ముందర నిలబెడతా ఉండాను. కుడిచెయ్యి తలమీదుగా పోయి ఎడమ చెవిని పట్టుకోవాల, అప్పుడే ఐదేళ్ళు నిండినట్టు. ఆ లెక్క ఎవురు కనిపెట్టినారో గానీ, వాళ్ళ చెవి ఒకసారి నాకు చూపించండి, నేను పట్టుకుంటాను.

కూర్చోమంటారా? వద్దులెండి. ఈ పొన్నమ్మ, బొమ్మల కంపెనీలో దినమంతా కూర్చునే కుడతాది. ఒక పూట నిలబడితే నడుముకు మంచిదే.

పుట్టిన తేదీ కాగితం లేదు, నిజమే. ఇంట్లో పుట్టిన బిడ్డకు ఎవురు రాసిస్తారు? దానికి ఎనిమిదేళ్ళు. ఒకటో క్లాసు గాదు, మూడో క్లాసులో చేర్చుకోమని అడగను వచ్చినాను. నవ్వుతారు ఏమిటికి? బడి మొగం చూడని బిడ్డకు మూడో క్లాసా అనే గదా?

చదివింది అయ్యోరూ. ఇంట్లో చదివింది. అదో, వసారాలో కూర్చోనుండాది, దాని ఒళ్ళో ఒక కరడిబొమ్మ, ఎలుగ్గొడ్డు బొమ్మ, కనిపిస్తా ఉండాదా? అదే మా బడి.

తిరువళ్ళూరులో మేము కుట్టేది అవే. కంపెనీలో టెడ్డీ అంటారు. దొరల పిల్లకాయలు పక్కలో వేసుకుని పడుకుంటారంట. మన పక్క ఎలుగ్గొడ్డు వస్తా ఉందంటేనే పిల్లకాయలు వాకిలి మూసుకుంటారు, ఆడేమో కౌగిలించుకుంటారంట. ఏమో, ఎవరి ఇష్టం వాళ్ళది. ఒకనాడు మా సూపర్వైజర్ సుందరరాజ్ ఒక బొమ్మను మూలకు విసిరేసినాడు. డామేజి పీసు. కుడిచేతిలోకి దూది పోలేదు, చెయ్యి యాలాడతా ఉండాది. అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు పిడికిళ్ళ దూది పెట్టి కుట్టేస్తే సరి అనుకుంటే, కాంచన కుట్టనీలేదు. "ఉండనీమ్మా, నా మాదిరే ఉండాది" అనింది.

ఆ, మీరు ఇప్పుడు విన్నది నిజమే. దాని చెయ్యి అంతే. రెండో ఏట జ్వరమొచ్చింది. పోతా పోతా కుడిచేతిలో బలమంతా తీసకపోయింది. రొమ్ముదాకా లేస్తాది, ఆపైన లేవదు. మీకు ఎవురూ చెప్పలేదా? ఉండండి, దానికి వస్తాను.

ముందు మా బడి సంగతి వినండి. నేను చదివింది ఐదో క్లాసే, దాంతోనే సరిపెట్టినాను. పొద్దన్నే అట్టెండెన్సు. టెడ్డీ అని నేను పిలిస్తే, కాంచనే గొంతు లావు చేసి 'వచ్చినానమ్మా' అంటాది. గుడ్డ పేలిక మీద కుట్టుపని చాక్‌పీసుతో ఒక అక్షరం రాసిస్తాను. ఆ దినం టెడ్డీకి అదే చొక్కా. నేను పని నుంచి వచ్చేసరికి, ఆ అక్షరంతో మొదలయ్యేవి ఇంట్లో ఎన్ని ఉంటే అన్నీ టెడ్డీ ముందర పెట్టాల. 'చ' నేర్పిన దినం చీపురు, చెంబు, చేట, చింతపండు అన్నీ పెట్టి, చాలవని పక్కింటి చౌడప్ప తాతను పిలుచుకొచ్చి వరసలో కూర్చోబెట్టింది. పాపం ఆయన నేను వచ్చేదాకా కదల్లేదు.

టెడ్డీ పొట్టమీద పది గుండీలు కుట్టినాను. తగిలిస్తే కూడిక, విప్పితే తీసివేత. అన్నీ ఒంటిచేత్తోనే. మా మంచం పొడుగు నాలుగున్నర టెడ్డీలు. అర అంటే ఏమో దానికి ఆ మంచమే నేర్పింది.

పోయిన ఆడికృత్తిక తిరనాళ్ళకు తిరుత్తణి గుడికి పోయినాము. రైలు కిటికీలో టెడ్డీని నిలబెట్టి, కడంబత్తూరు, మణవూరు, తిరువాలంగాడు అని బోర్డుల మీది అరవం కూడబలుక్కుని దానికి చదివి వినిపించింది. అరవం నేను నేర్పలేదు. కొండకు మూడొందల అరవై ఐదు మెట్లు గదా, ఏడాదికి ఎన్ని దినాలో అన్ని. ముప్పై ఒకటో మెట్టు మీద నిలబడి, "టెడ్డీ, జనవరి అయిపోయింది" అనింది. ఫిబ్రవరి చిన్నది, తొందరగా ఎక్కేస్తామని ధైర్యం కూడా చెప్పింది. జనమంతా హరోహరా అంటా ఎక్కతా ఉంటే, మేము ఒక్కో నెలా లెక్కపెట్టుకుంటా ఎక్కినాము. పైకి చేరేసరికి నాకు ఏడుపొచ్చింది. స్వామిని చూసి గాదు, బిడ్డను చూసి.

మీ మూడో క్లాసు పిల్లకాయల్లో ఒకరిని పిలిచి, నూట ఇరవయ్యో మెట్టు ఏ నెలో అడగండి. మీరు కూడా వేళ్ళు మడుస్తా ఉండారే. ఏప్రిల్ కడదినానికి పడతాది అయ్యోరూ.

ఎడమచేత్తోనే రాస్తాది, అవును. అక్షరం గుండ్రంగా ఉండాదా లేదా అనేది చూసుకోండి.

ఏమిటీ? ముందే చెప్పి ఉంటే అంటారా?

చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. కుప్పమ్మ కొడుకు, ఆ కాలు ఈడ్చే పిల్లోడు, వాన్ని మీరు 'అట్లాంటి బిడ్డలకు వేరే బడి ఉంటాదమ్మా' అని పంపించేసినారు. ఆ వేరే బడి యాడ ఉండాదో వానికి ఈ పొద్దుకీ తెలీదు. గొర్రెలు తోలుకుంటా ఉండాడు. నేను అది చూసినాను. అందుకే మొదటి ఏడు మీరు చెయ్యెత్తమనగానే, ఆరేళ్ళ బిడ్డ చేతిని నా కొంగు కింద పెట్టుకుని, 'ఇంకా నాలుగేళ్ళే అయ్యోరూ, అందదు, వచ్చే ఏడు తెస్తాను' అన్నాను. సరే అన్నారు మీరు. మరుసటేడూ అంతే. మీరు గెంటేసినారని ఊరంతా చెప్పుకున్నాను, నోటికొచ్చినట్టు తిట్టినాను. మీరు గెంటలేదు. నేనే వెనక్కి పిలుచుకపోయినాను.

బిడ్డ ఊరుకుంటాదా? బడికి ఎప్పుడు పోతామని అడగతా ఉండింది. నీ చెయ్యి ఇంకా పెరగాల తల్లీ, పెరిగినాక అయ్యోరే పిలుస్తారు అని చెప్పినాను. ఆ పొద్దుకు నోటికి అదే వచ్చింది. దాన్నించి ఆదివారమైతే చాలు, నా కుట్టుపని టేపు తీసుకుని దాని కుడిచెయ్యి, టెడ్డీ కుడిచెయ్యి కొలిచి గోడమీద రాస్తాది. టేపు చదివేది అట్లనే నేర్చుకునింది. పోయిన వారం నేను వాకిట్లో ఉండి విన్నాను. 'ఇంకొంచెమే టెడ్డీ, ఏడవొద్దు, ఇద్దరం ఒకేసారి పోదాం' అంటా ఉండాది.

నేను నేర్పిన వాటిలో అదొక్కటే అబద్ధం. దాన్నే బిడ్డ అన్నిటికన్నా బాగా నేర్చుకునింది.

నాకు సిగ్గు లేదా అంటే, ఉండాది. అది నాకూ మీకూ మధ్య సంగతి. బిడ్డకు ఏం సంబంధం? పరీక్ష పెట్టండి, ఈడనే, ఇప్పుడే. వద్దంటారా, రేపు వస్తాను. కంపెనీకి లీవు పెట్టి మరీ వస్తాను. మీరు పేరు రాసేదాకా మా బడి మీ వసారాలోనే నడస్తాది.

కాంచనా, లోపలికి రా తల్లీ. టెడ్డీని కూడా తీసుకురా. అయ్యోరికి ఎడమచెయ్యి తలమీదుగా ఎత్తి కుడి చెవి పట్టుకుని చూపించు. ఆ కుడిచెయ్యి పావడా వెనక్కి దాచిపెట్టొద్దు.