బొట్టు పెట్టకముందే

"పక్కింటి రత్నమాణిక్యం గారు చెప్పారు. మధ్యాహ్నమంతా ఎవరో కుర్రాడు మనింట్లోనే కూర్చున్నాడటగా?"

భీమవరంలో చేపల మేత కొట్టు కట్టేసి వచ్చిన భర్త, చెప్పులైనా విప్పకుండా, కొత్త కంప్యూటర్ ముందున్న భార్యని అడుగుతున్నాడు.

"మా కాలేజీ అనంతకృష్ణండీ. నా సెట్టింగుల ఫైళ్లున్న సీడీ తెచ్చిచ్చాడు."

"శుక్రవారం దీనికి బొట్టు పెట్టి నా చేత్తో ఆన్ చేద్దామనుకున్నాను. ఈలోపే అతనితో చేయించేశావా?"

"మండపేట రైస్‌మిల్లు వాళ్లకి రాసిస్తానన్న లెక్కల ప్రోగ్రాం సోమవారం మొదలెట్టాలి కదండీ."

"ఆ సెట్టింగులేవో నేను పెట్టలేనా? నేనూ ఎంసీఏనే!"

"కాదన్నానా? కొట్లో కూర్చున్నాక మీరు మళ్లీ కీబోర్డు ముట్టుకోలేదు."

"నల్ల తెర మీద పచ్చక్షరాలు నీకిష్టమని అతనికెలా తెలుసు? ఏ మీట నొక్కితే ఏం రావాలో, అన్నీ నీ చేతికి తగ్గట్టే పెట్టాడే!"

"అతనేం పెట్టలేదండీ. కాలేజీలో ఉండగా ఆ ఫైళ్లన్నీ రాసుకుంది నేనే. అప్పట్లో అడిగితే అతనికో కాపీ ఇచ్చాను. నా దగ్గరున్నవి పోయాయని తెలిసి తెచ్చాడు."

"ఇవన్నీ... నువ్వు రాశావా?"

"నేనే."

"సర్లే. ఆ మిల్లు పనేం వద్దు. రేపే ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పు."

"మీ కుళ్లు అతని మీద కాదండీ, నా మీద."