యాభై తూటాలకి రెండో సంతకం

దాన్ని లాక్కు మధూ, రాదు. నాలుగు బోల్టులేసి బల్లకి బిగించింది, నువ్వు వేలాడినా రాదు. సూట్‌కేసు కోసం వచ్చావు కదా, ఇంతసేపు ఏం చేస్తున్నావా అని చూద్దామని వచ్చాను. ఈ గరాజులోకి ఎవరొచ్చినా ముందు దాని పిడే పట్టుకుంటారులే. ఏమనుకున్నావు, బత్తాయి రసం తీసే మిషననా? పక్కింటి సదాశివం గారు పూరీలు ఒత్తేదనుకున్నారు. నా సంగతి ఇంకా బావుంటుంది, నేను జంతికల గొట్టం అనుకున్నాను. ఇక్కడివాళ్ళు చేతులు నొప్పెట్టకుండా ఎంత బాగా కనిపెట్టారో అని సంబరపడ్డాను కూడా. తూటాలు నింపే మిషనమ్మా అది. తుపాకీ తూటాలు. అయ్యో, అలా చెయ్యి లాగేసుకోనక్కర్లేదు, ఉట్టి ఇనుము, కరవదు. దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఆ స్టూలు దులుపుకుని కూర్చో, చెబుతాను.

మీ అంకుల్‌దా అంటావేంటి, ఆయన దోమల బ్యాటు చిటపటమంటేనే ఉలిక్కిపడతారు. ఆయన చెల్లెలిది. బేబీ. ముద్దుపేరు కాదు, అసలు పేరే అది. బళ్ళో వేసేటప్పుడు ప్రస్తుతానికి బేబీ అని రాయండి, మంచి పేరు తర్వాత పెడతాం అన్నారట మా మామగారు. ఆ తర్వాత ఎవరికి తీరింది? జీపీ సర్జరీలో, అదే ఇక్కడి డాక్టరు క్లినిక్కులో, రిసెప్షన్ అమ్మాయి "బేబీ!" అని పిలిస్తే వెయిటింగ్ రూములో జనమంతా ఉయ్యాల బుట్ట కోసం చూసేవాళ్ళు, అరవై ఏళ్ళ మనిషి లేచి నిలబడేది. గుంటూరులో కాలేజీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో చేరి రైఫిలు పేల్చింది. జిల్లా మొత్తం మీద ఆడపిల్లల్లో తనదే మొదటి గురి. కప్పు ఇచ్చారు. ఆ కప్పులో మా అత్తగారు చింతపండు పెట్టుకునేది, మూత కూడా ఉందే అని. తర్వాత నర్సింగు చదివింది, ఈ నాటింగ్‌హామ్ వచ్చి ఎముకల వార్డులో చేరింది, ఈ ఇల్లు కొంది. నేను టీచరుగా రిటైరయ్యాక మమ్మల్నిద్దర్నీ పిలిపించుకుంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "డ్యూటీ రోటాలో ఖాళీ లేదు వదినా" అనేది. ఆడపడుచు ఇంట్లో ఎలా ఉంటావే అని మా వాళ్ళు నన్ను భయపెట్టారు. ఏమో, నాకు సొంత చెల్లెలు లేదు. ఆ లోటు నేను ఇక్కడికొచ్చాకే తెలిసింది, అది తీరాకే తెలిసింది.

ఎక్కడున్నాం? ఆఁ, తుపాకీ. మేం వచ్చేసరికే తను రైఫిలు క్లబ్బులో మెంబరు. శనివారం శనివారం వెళ్ళేది. ఊరికే ఇవ్వరమ్మా ఇక్కడ. నెలల తరబడి క్లబ్బులో వాళ్ళ కళ్ళ ముందు మసలాలి, పోలీసులు ఇంటికొచ్చి గోడకి బిగించిన ఇనప బీరువా చూడాలి, దాని తాళం తనకి తప్ప ఇంట్లో ఎవరికీ అందకూడదు. నాక్కూడా తెలీదు ఎక్కడ పెట్టేదో. పోలీసు ఆఫీసరమ్మ ఒకావిడ మన వంటింట్లోనే కూర్చుని, నీకెందుకమ్మా రైఫిలు అని అడిగింది. బేబీ ఏమందో తెలుసా? "వార్డులో ఒక్కసారి ఎనిమిది బెల్లులు మోగుతాయి. ఒక్కచోట చూస్తూ, ఒక్క ఊపిరి బిగబట్టి, ఒక్క పని చెయ్యడం నాకు శనివారం మాత్రమే దొరుకుతుంది" అంది. ఆవిడ రాసుకోవడం ఆపి తన వంక చూసింది. మీ అంకుల్ మాత్రం ఎప్పుడూ ఎగతాళే. "నీకు శత్రువులెవరే ఇక్కడ?" అనేవారు. "కాగితం అన్నయ్యా. కాగితం మీద నల్లచుక్క. ఇప్పటిదాకా అది నన్నేమీ అనలేదు, నేనే దాన్ని" అనేది.

మరి తూటాలు కొట్లో కొంటే ఖరీదు. పేల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాన్ని పారెయ్యకుండా మళ్ళీ నింపుకోవచ్చు, దానికే ఈ మిషను. కొత్తది కొనదు. ఇరవై ఏళ్ళనాటి కోటుకి గుండీలు మార్చుకునే మనిషి. ఆదివారం పొద్దున్నే మైదానంలో కార్లు పెట్టుకుని పాత సామాను అమ్ముతారు చూడు, కార్ బూట్ సేల్, అక్కడికి నన్ను తీసుకెళ్ళింది. నేను పింగాణీ గిన్నెలు చూస్తుంటే తను ఒకాయన బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది, వెలికితీసింది దీన్ని. తుప్పుపట్టి పిడి కదలడం లేదు. "వైను సీసాలకి బిరడాలు కొట్టేది, మా మామయ్యది" అన్నాడాయన. బేబీ అబద్ధం చెప్పదు, ఎదుటివాళ్ళు పొరబడితే దాన్ని వాడుకోదు కూడా. ఇది ఫలానా అని ఆయనకి పాఠం చెప్పి మరీ కొంది. కూరగాయల ట్రాలీలో వేశాం. బస్సు ఆలస్యం, ఇంటికెళ్ళే టైము లేదు, తిన్నగా చర్చికే. తెలుగు ఆరాధన జరుగుతుంటే ఇది మా బెంచీ పక్కన నిలబడి ఉంది. కమలాదేవి గారని ముసలివాళ్ళ కేర్ హోములో పనిచేసేవారు, వెనక బెంచీలోంచి వంగి "ఏం తెచ్చావే, గుమ్మడికాయా?" అని గుసగుసలాడారు. "తూటాల మిషను ఆంటీ" అని మామూలు గొంతుతో అనేసింది బేబీ. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దంలో! ఆ రోజు పాస్టరుగారు లోకశాంతి కోసం చాలాసేపు ప్రార్థన చేశారు, ఒక కన్ను తెరిచి.

పదిహేను రోజులు తోమింది దీన్ని. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు, కుట్టుమిషను నూనె. ఒక సాయంత్రం "వదినా, రా!" అని కేక. పిడి మీద నా చెయ్యి పెట్టించింది. వెన్నలో చెంచా దిగినట్టు దిగింది. ఇప్పుడు విను, దీంతో పని నాలుగు దశలు. పాఠం చెబుతున్నట్టుందా? పోనీలే, అలవాటు. ఒకటి, ఖాళీ గొట్టం పెట్టి పిడి లాగితే ఉబ్బిన గొట్టం మళ్ళీ కొలతకొస్తుంది, మందుని అంటించే చిన్న టోపీ ఒకటి అడుగున ఉంటుంది, ఆ కాలిపోయింది ఊడి పడుతుంది. రెండు, అక్కడ కొత్త టోపీ. మూడు, త్రాసులో తూచి తుపాకి మందు పొయ్యడం. నాలుగు, పైన గుండు కూర్చోబెట్టి నొక్కడం. ఇందులో ప్రాణం మీది పని ఏది? చెప్పు. ఆఁ, మూడోది. ఎందుకంటే తన తూటా గొట్టం పొడుగు, అందులో పొయ్యాల్సిన మందు అడుగున పిసరంత. పొరపాటున ఒకే గొట్టంలో రెండుసార్లు పోసినా పొంగి బయటికి రాదు, పైకి తేడా తెలీదు. అలాంటిది పేలిస్తే రైఫిలు చేతిలోనే పగులుతుంది. మొహం పక్కనే కదా పెట్టుకునేది.

అందుకని బేబీ వార్డు పద్ధతి పెట్టింది. ఆస్పత్రిలో మార్ఫిన్ లాంటిది ఇవ్వాలంటే ఒక్క నర్సు చాలదట, ఇద్దరు చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇంట్లో రెండో మనిషిని నేను. యాభై కన్నాల చెక్కపలక ఉండేది. నింపిన గొట్టాలు నిలబెట్టి, నింపనివి బోర్లించి పెట్టేది. యాభై అయ్యాక తను తోటలోకి వెళ్ళిపోయేది. చేసినవాళ్ళు పక్కన నిలబడితే చూసేవాళ్ళు మొహమాటపడతారు, అందుకని. నేను వరసగా ఒక్కొక్క గొట్టంలోకీ పెన్ టార్చి వేసి చూడాలి, దేన్నీ ముట్టుకోకూడదు, మందు అంతా ఒకే మట్టాన ఉందని చూసి ఎర్ర పుస్తకంలో సంతకం పెట్టాలి. అప్పుడు తనొచ్చి గుండ్లు బిగించేది. ఏడేళ్ళు పెట్టానమ్మా సంతకం. ఏడేళ్ళలో ఒక్క తప్పు లేదు. నలభై మంది పిల్లల కాపీలు దిద్దినదాన్ని, ఇంత తప్పుల్లేని మనిషిని చూడలేదు.

తర్వాత ఒక ఫిబ్రవరిలో మూడో వరసలో ఒక గొట్టంలో మందు పైకి ఉంది. పిలిచి చూపించాను. "అరె!" అని నవ్వి, ఒంపేసి మళ్ళీ పోసింది. ఎవరికైనా జరుగుతుందిలే అనుకున్నాం. మరుసటి నెల రెండు. అప్పటికే పులుసులో ఉప్పు రెండుసార్లు పడుతోంది. మంగళవారం పొద్దున చర్చి బట్టలు కట్టుకుని మెట్లు దిగింది. నాకు తెలిసిపోయింది మధూ. తెలిసి, ఏం చేశానో చెప్పనా? ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు, మీ అంకుల్‌కి కూడా. తను తోటలో గులాబీలు చూసుకుంటుంటే, నేను ముట్టుకోకూడని ఆ గొట్టాలు తీసి, మందు డబ్బాలోకి ఒంపేసి, పలకలో బోర్లించి పెట్టేశాను. తనొచ్చి "అయ్యో, రెండు వదిలేశానే" అని మళ్ళీ నింపింది. నేను సంతకం పెట్టేశాను. ఎందుకంటే, చెబితే పోలీసులకి చెప్పాలి, వాళ్ళు రైఫిలు తీసుకెళ్తారు, శనివారం పోతుంది. ఆ మనిషికి ఉన్నదే అది. మూడు నెలలు. ఇక ఆ మూడు నెలలూ శనివారం తను క్లబ్బు నుంచి వచ్చేదాకా నేను కిటికీ దగ్గరే. నా కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయి అప్పటికి. ఒక్కటి నా కళ్ళు దాటిపోయి ఉంటే?

మే నెలలో ఒకరోజు ఐదు కనబడ్డాయి. ఆరోది చూస్తే అది ఎక్కువో కాదో నా కళ్ళకి ఆనలేదు. పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. బేబీ లోపలికొచ్చింది. "ఎన్ని వదినా?" "ఐదు. ఆరోది తెలీడం లేదు." "ఇదే మొదటిసారా?" నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను. ఎర్ర పుస్తకం వెనక్కి తిప్పింది, ఒక్కొక్క పేజీ. "ఇవన్నీ తప్పుల్లేవని చూసి పెట్టినవేనా?" అంది. కాదన్నాను. "వార్డులో అయితే ఈపాటికి నీ ఉద్యోగం పోయేది" అంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బావుండేది. నా పక్కన కూర్చుని, "మూడు నెలలు ఒక్కదానివే మోశావా ఇది?" అని నా వీపు మీద చెయ్యి వేసింది. జబ్బు తనది, ఓదార్పు నాకు! ఆ యాభైనీ తనే ఒంపేసింది. సోమవారం తనే పోలీసు ఆఫీసరమ్మకి ఫోను చేసింది, తనే జీపీ దగ్గరికెళ్ళింది. ఆఫీసరమ్మ వచ్చి రైఫిలు తీసుకెళ్తూ తన చెయ్యి పట్టుకుంది. మందు, టోపీలు క్లబ్బువాళ్ళు పట్టుకెళ్ళారు. ఇదొక్కటే మిగిలింది.

మతిమరుపు అక్కడితో ఆగదు కదమ్మా. శనివారం వస్తే చాలు, బూట్లేసుకుని మెట్ల కింద నిలబడేది. "వదినా, నా రైఫిలేది?" అని. కూర్చోబెట్టి మొదట్నించీ చెప్పేదాన్ని. ఫిబ్రవరి, మూడో వరస, నేను పెట్టిన దొంగ సంతకాలు, అన్నీ. వింటూ వింటూ మొహం వాడిపోయేది. "ఫోను నేనే చేశానా?" "నువ్వే." "అయితే మంచిపనే చేశాను. నువ్వేం బాధపడకు వదినా." ప్రతి వారం కొత్తగా వినేది, కొత్తగా బాధపడేది, కొత్తగా నన్ను క్షమించేది. నాలుగేళ్ళు పైనే. ఎన్ని శనివారాలో లెక్క నువ్వే వేసుకో. పైకి తనకి జబ్బు గానీ, చెప్పీ చెప్పీ నాకు గొంతు పోయేది. జెన్నిఫర్, మా అమ్మాయి, "ఏదో ఒకటి చెప్పెయ్యి మమ్మీ, గుర్తుండదుగా" అనేది. గుర్తుండదనే కదా నిజం చెప్పాలి. అబద్ధమని తనంతట తను పట్టుకోలేదు మరి.

అలా ఐదో ఏడు జనవరిలో ఒక శనివారం. మీ అంకుల్ కాలు బెణికి మంచం మీద ఉన్నారు, నాకు జ్వరం. నిజం చెప్పడానికి ఒంట్లో ఓపిక ఉండాలి మధూ, ఈ సంగతి బళ్ళో మేమెవరం చెప్పలేదు మీకు. బూట్లేసుకుని వచ్చి నిలబడింది. "రైఫిలేది వదినా?" "రిపేరుకిచ్చాం. వచ్చే శనివారం వస్తుంది" అనేశాను. ఎంత వెలిగిపోయిందో ఆ మొహం! నాలుగేళ్ళుగా నేను చూడని మొహం. ఆ మధ్య ఏదీ నిలవని మనిషికి ఇది మాత్రం నిలిచిపోయింది, చూడు విచిత్రం. వారమంతా రెండేసి ముద్దలు ఎక్కువ తింది, నన్ను చూసినప్పుడల్లా "శనివారం కదూ?" అంది. బుధవారం ఊపిరి ఆడలేదు, ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఛాతీలో నెమ్ము. గురువారం సాయంత్రం నీ వయసు పిల్ల, కేరళ నర్సమ్మాయి, ఆక్సిజన్ సరిచేస్తుంటే బేబీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, రేపు నన్ను పంపించెయ్యండి, శనివారం నా రైఫిలు వస్తోంది, క్లబ్బుకెళ్ళాలి అంది. ఆ పిల్ల నా వైపు తిరిగి, "నిజమేనా ఆంటీ?" అంది. బేబీ కూడా నా వైపే చూస్తోంది.

ఊఁ అన్నాను.

శుక్రవారం తెల్లారాక పోయింది. ఆ పిల్లే వచ్చి చెప్పింది, నిద్రలోనే, నవ్వుతున్నట్టే ఉందని...

...అదిగో, చినుకులు. పెరట్లో దుప్పట్లు ఆరేశాను, లే లే, తడిసిపోతాయి.